కైలాస యాత్రలు నడిపేవారికి బహిరంగ లేఖ: ఇంకొన్ని రాత్రులు ఆపండి

తెలుగు రాష్ట్రాల నుంచి కైలాస మానస సరోవర యాత్రలు నడుపుతున్న ట్రావెల్స్ యజమానులకు, టూర్ మేనేజర్లకు, భక్త బృందాల నిర్వాహకులకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పర్యాటక శాఖల అధికారులకు

నమస్కారం.

భాష రాని దేశంలో, ఆకుకూర కూడా మొలవని చోట, అంతమందికి వేళకు వేడి వేడి పప్పన్నం వండి పెట్టడం మాటలు కాదు. మీ బృందాల్లో వంటవాళ్ళు, షెర్పాలు పడే కష్టం కళ్ళారా చూశాను. వాళ్ళకు నా దండాలు. ఇక అసలు విషయానికి వస్తాను.

మా పెద్దమ్మను, నన్ను తీసుకెళ్లిన సంస్థకు ఈ సంగతులన్నీ ముందే రాశాను. ఫోన్లు చేశాను, ఆఫీసుకు వెళ్లాను. "టిబెట్ సంగతి ఖాట్మండు వాళ్ళు చూస్తారు, వాళ్ళనే అడగండి" అన్నారు. ఖాట్మండు వాళ్ళను అడిగితే "బోర్డర్ దాటాక అంతా లాసా ఏజెన్సీదే" అన్నారు. ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్తే "ప్రైవేటు యాత్ర, పైగా వేరే దేశం, మేమేం చేస్తాం?" అన్నారు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. తప్పు ఆ ఒక్క సంస్థదే అయితే కన్స్యూమర్ కమిషన్‌లో కేసు వేసి ఊరుకునేదాన్ని. తిరిగొచ్చాక దొరికిన బ్రోషర్లన్నీ ముందేసుకుని చూశాను. చాలావాటిలో అవే రోజులు, అవే మజిలీలు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

జరిగింది ఇది.

మా పెద్దమ్మకు అరవై దాటాయి. బీపీకి మాత్ర వేసుకుంటుంది, అంతకుమించి ఏమీ లేదు. ఏటా అలిపిరి నుంచి నడిచే తిరుమల ఎక్కే మనిషి. "ఆరోగ్యం బాగుందా?" అని ఫారంలో ఉన్న గడిలో టిక్ పెట్టి ఇచ్చింది. అంతకంటే ఎవరూ ఏమీ అడగలేదు. గత ఏడాది జూన్‌లో ఖాట్మండు నుంచి టిబెట్ సరిహద్దు ఊరు కేరుంగ్ మీదుగా బయల్దేరాం. కేరుంగ్‌లో బాగానే ఉంది. మర్నాడు పగలంతా బస్సులో కూర్చుని సాయంత్రానికి సాగా చేరాం. ఆ రాత్రి తల పగిలిపోతోందంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. టూర్ మేనేజర్ వచ్చి "బస్సులో తిన్న పూరీలు అరగలేదు, గ్యాస్" అని ఈనో ఇచ్చాడు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సిమీటర్ వేలికి పెట్టి "82 ఉంది, ఇక్కడ అందరికీ అంతే" అన్నాడు. ఆ ఎత్తులో చాలామందికి అంతే ఉంటుందన్న మాట నిజమే. అందుకే ఒక్క ఆ అంకె చూసి ధైర్యం చెప్పకూడదు.

మానస సరోవరం చేరిన రోజు పొద్దున పెద్దమ్మ స్వెటర్ గుండీలు పెట్టుకోలేకపోయింది. గుండీ పట్టుకుంటుంది, కాజా ఎక్కడుందో దొరకడం లేదు. కుడి బూటు ఎడమ కాలికి తొడుక్కుంది. గోడ పట్టుకుంటే గానీ నడవలేకపోయింది. "శివయ్య పరీక్ష పెడుతున్నాడమ్మా, ఒక్క రోజు ఓర్చుకోండి" అన్నారు మావాళ్ళు. పక్క గదిలో వేరే బృందంతో వచ్చిన డాక్టరు గారొకరు ఆమెను చూసి, గచ్చు మీద మడమకు బొటనవేలు ఆనించి నేరుగా నాలుగడుగులు వేయమన్నారు. రెండో అడుగుకే పక్కకు ఒరిగిపోయింది. "మెదడు వాస్తోంది. ఇప్పుడే కిందికి దించాలి" అని తన దగ్గరున్న ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ తర్వాత కాగితాల కోసం, బండి కోసం పడ్డ పాట్లు కింద రాస్తాను. పెద్దమ్మ బతికింది, ఇప్పుడు బాగుంది. ఆ డాక్టరు గారు పక్క గదిలో ఉన్నారు కాబట్టి బతికింది. మన బృందం చేసిన ఏర్పాటు ఏదీ ఆమెను కాపాడలేదు.

ఇప్పుడు మీ బ్రోషర్లో ఎక్కడా కనిపించని ఎత్తుల లెక్క చూడండి. ఖాట్మండు దాదాపు 1,400 మీటర్లు. కేరుంగ్ 2,800 లోపు. సాగా దాదాపు 4,500. అంటే ఒక్క పగటి ప్రయాణంలో 1,700 మీటర్లు పైకి లేపి, దారిలో ఐదు వేల మీటర్లు దాటిన కనుమ ఎక్కించి దించి, ఆ రాత్రి అక్కడే పడుకోబెడుతున్నారు. మానస సరోవరం 4,590. కైలాసం చుట్టూ చేసే పరిక్రమలో డోల్మా కనుమ దాదాపు 5,630. మనం రోజూ చూసే తిరుమల కొండ 850 మీటర్ల చిల్లర.

హెలికాప్టర్ ప్యాకేజీల సంగతి ఇంకా ఘోరం. నేపాల్‌గంజ్ మన గోదావరి జిల్లాల లాంటి పల్లపు నేల, 150 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి విమానంలో 2,900 మీటర్ల సిమికోట్, అక్కడి నుంచి హెలికాప్టర్‌లో 3,600 దాటిన హిల్సా, సరిహద్దు వంతెన దాటి బండెక్కితే టిబెట్‌లోని తక్లాకోట్, ఆపైన సరోవరం. నడక లేదు, శ్రమ లేదు, పెద్దవాళ్ళకు హాయి అని దీన్ని అమ్ముతున్నారు. కాళ్ళకు శ్రమ లేదన్నది నిజమే. కానీ శరీరం అలవాటు పడేది ఆ నడకలోనే, ఆ ఆలస్యంలోనే. హాయి అంటున్న ఈ దారే పెద్దవాళ్ళకు ఎక్కువ ప్రమాదం.

పర్వత వైద్యం తెలిసినవాళ్ళు చెప్పే సూత్రం చాలా చిన్నది. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు మారకుండా ఒక రోజు ఆగాలి. 5,000 మీటర్ల దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్, సముద్రమట్టంలో అందేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. దానికి ఒళ్ళు సర్దుకోవడానికి టైం కావాలి. యోగా చేసినా, రోజూ వాకింగ్ చేసినా, వయసులో ఉన్నా ఆ టైం తగ్గదు. "టిబెట్ ముసలమ్మలు ఒక్క రోజులో పరిక్రమ చేసేస్తున్నారు, మీరు భయపడతారేంటి?" అని మా గైడ్ అంటుండేవాడు. ఆ ముసలమ్మలు అక్కడే పుట్టారు. వేల ఏళ్లుగా ఆ గాలిలో బతికిన జాతి వాళ్ళది, ఒంట్లో రక్తం పనిచేసే తీరే వేరు. కోనసీమ నుంచి వచ్చిన మనిషితో వాళ్ళకు పోలికేమిటి?

ఆ కొండ ఒక్క మతానిది కాదు. మనకు శివపార్వతులుండే చోటు. జైనులకు మొదటి తీర్థంకరుడు ఋషభదేవుడు నిర్వాణం పొందిన అష్టాపదం. టిబెట్ బౌద్ధులకు దెమ్‌చోక్ అనే దేవత కొలువున్న గాంగ్ రింపోచే. అక్కడి పాత మతం బోన్ వాళ్ళకు తొమ్మిది అంతస్తుల స్వస్తిక పర్వతం. బోన్ వాళ్ళు ఎడమగా తిరుగుతారు, మిగతావాళ్ళు కుడిగా తిరుగుతారు. 6,638 మీటర్ల ఆ శిఖరం మీద కాలు పెట్టకూడదన్న మాటలో మాత్రం అందరిదీ ఒకటే మర్యాద. చుట్టూ తిరగడమే అక్కడ పూజ. మేం వెళ్లినప్పుడు చేతులకు చెక్కలు కట్టుకుని, తోలు ఏప్రాన్ వేసుకుని, ఒళ్లంతా నేలకు ఆనించి లేచి, మళ్ళీ ఆనిస్తూ పరిక్రమ చేస్తున్న ఒకామెను చూశాను. నుదుటి మీద మట్టి బిళ్లలా అంటుకుపోయి ఉంది. అలా చేసేవాళ్ళకు 52 కిలోమీటర్లు తిరగడానికి వారాలు పడుతుంది. ఆ కొండకు మొక్కే ఏ మతమూ ఇన్ని రోజుల్లో ముగించుకుని రమ్మని గడువు పెట్టలేదు. ఆ గడువు పెట్టింది మన ప్యాకేజీలు.

ఈ తొందర వల్ల మామూలు జనం ఏం అనుభవిస్తున్నారో వరసగా చెబుతాను.

1. దిగడానికి పల్లం లేదు. ఒళ్ళు అలవాటు పడకముందే పైకి వెళ్తే వచ్చే ఎత్తు జబ్బుకు అసలు మందు కిందికి దిగడమే. ఆక్సిజన్, డయామాక్స్ మాత్రలు, ఇంజెక్షన్లు, ఇవన్నీ దిగేదాకా ప్రాణం నిలబెట్టడానికి. నేపాల్‌లో ఎవరెస్ట్ దారిలో జబ్బు చేస్తే మోసుకుంటూ లోయలోకి దిగిపోవచ్చు. సరోవరం దగ్గర చుట్టూ పీఠభూమి. గంటల తరబడి బండిలో వెళ్లినా ఎత్తు పెద్దగా తగ్గదు. సరోవరం నుంచి తక్లాకోట్ చేరితే తగ్గేది దాదాపు 600 మీటర్లే. సాగాలో జబ్బు చేస్తే వచ్చిన దారినే కనుమలు మళ్ళీ ఎక్కి దిగాలి. నేపాల్ హెలికాప్టర్లు హిల్సా దాకానే వస్తాయి, సరిహద్దు దాటి రావు. అది కూడా వాతావరణం బాగుంటేనే. వెంటనే దించే వీలు లేని చోటికి ఇంత వేగంగా ఎక్కించడం ఏ లెక్కన సబబో మీరే చెప్పాలి.

2. గ్రూప్ వీసా. నేపాల్ మీదుగా వెళ్లే బృందం మొత్తానికి ఒకే కాగితం. దాని మీద ఉన్న పేర్లన్నీ కలిసి లోపలికి వెళ్లాలి, కలిసి బయటికి రావాలి. ఒకరికి ప్రాణం మీదికి వస్తే ఆ పేరు విడదీయించి, వేరే కాగితం పుట్టించాలి. పెద్దమ్మ బండిలో పడుకుని మూలుగుతుంటే మా టిబెటన్ గైడ్ ఫోన్ పట్టుకుని ఒక ఆఫీసు తర్వాత ఒక ఆఫీసుకు చేస్తూనే ఉన్నాడు. ఆ అబ్బాయిని తప్పు పట్టను, వాడి చేతిలో ఉన్నంతా చేశాడు. ఇలాంటిది జరగొచ్చని ముందే తెలిసి కూడా, ఎవరికి ఫోన్ చేయాలో, ఏ కాగితం కావాలో రాసిపెట్టుకోని మీ ఆఫీసులను తప్పు పడతాను. మాకు ఈ గ్రూప్ వీసా సంగతి ఆ రోజు దాకా తెలియదు.

3. డబ్బా ఆక్సిజన్. "ఆక్సిజన్ సదుపాయం ఉంది" అని బ్రోషర్లో పెద్దక్షరాలతో వేస్తారు. అక్కడికి వెళ్లాక చూస్తే దోమల స్ప్రే డబ్బాలంత ఉన్న చిన్న డబ్బాలు, కొన్ని ఆక్సిజన్ దిండ్లు. ఆ డబ్బా కొన్ని నిమిషాల్లో ఖాళీ. రాత్రంతా ఊపిరాడని మనిషికి కావాల్సింది రెగ్యులేటర్ ఉన్న సిలిండర్, దాన్ని వాడటం తెలిసిన మనిషి.

4. నీళ్లు తాగని ఆడవాళ్ళు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. దారిలో టాయిలెట్లు లేవు, ఉన్నచోట తలుపుల్లేవు. అందుకని మా బస్సులో ఆడవాళ్ళు పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లే తాగేవాళ్ళు. కొందరు సోమవారమని, ఏకాదశని ఉపవాసాలు కూడా పట్టారు. ఆ పొడి గాలిలో నీళ్లు తగ్గితే తలనొప్పి వస్తుంది. ఆ తలనొప్పి నీళ్లు లేకనో, ఎత్తు జబ్బో తేల్చుకోవడమూ కష్టమైపోతుంది. బస్సులో ఒక మడత టెంటు, ఒక బకెట్టు ఉంటే సగం సమస్య తీరేది. దానికయ్యే ఖర్చెంత?

5. పరిక్రమ గురించి చెప్పని సంగతులు. మొదటి రోజు యమద్వారం నుంచి డిరాపుక్ దాకా. రెండో రోజు తెల్లవారుజామున లేచి డోల్మా కనుమ ఎక్కి, అవతల దిగి జుతుల్‌పుక్ చేరాలి. మొత్తం యాత్రలో ఒంటికి అన్నిటికంటే కష్టమైన రోజు ఇదే. "గుర్రం ఉంటుంది, మీరు కూర్చోవడమే" అని చెప్పి తీసుకెళ్తారు. కనుమ దాటాక గౌరీకుండం వైపు దిగే దారి ఎంత నిటారు అంటే గుర్రం మీద నుంచి దింపేస్తారు, రాళ్ళ మీద నడిచే దిగాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఈ ముక్క తెలిసేది పైకి వెళ్లాకే. పైగా గుర్రానికీ, పోర్టర్‌కూ డబ్బు ప్యాకేజీలో కలవదు, పరిక్రమకు ముందు ఆగే ఊరు డార్చెన్‌లో చైనా యువాన్లలో కట్టాలి. మధ్యలో మానుకుంటే తిరిగి రాదు. కట్టిన డబ్బు పోతుందన్న బాధతో, ఒంట్లో బాగోకపోయినా రెండో రోజు ఎక్కినవాళ్ళను నేను చూశాను.

6. డార్చెన్‌లో మిగిలిపోయేవాళ్ళు. పరిక్రమ చేయలేమని ఆగిపోయినవాళ్ళను హోటల్లో ఉంచి, మేనేజరు, వంటవాళ్ళు, గైడు అందరూ కొండ వైపు వెళ్లిపోతారు. బృందంలో ఒంట్లో బాగోలేనివాళ్ళు ఎవరో వాళ్ళే వెనక మిగులుతారు. చూసే దిక్కు లేకుండా, భాష రాకుండా, 4,600 మీటర్లు దాటిన ఊళ్ళో వాళ్ళు ఆ రోజులు గడపాలి.

7. డబ్బు. రెండు మూడు లక్షలు ఒక్కో మనిషికి. ఈ యాత్రకు వచ్చేవాళ్ళలో డబ్బున్నవాళ్ళ కంటే చీటీ పాడుకున్నవాళ్ళు, రిటైర్మెంట్ డబ్బు తీసినవాళ్ళు, గాజులు కుదువపెట్టిన అమ్మలు ఎక్కువ. వాళ్ళు మధ్యలో దిగిపోవాల్సి వస్తే ఆ బండి ఖర్చు, హెలికాప్టర్ ఖర్చు, ఆసుపత్రి ఖర్చు మళ్ళీ వాళ్ళే పెట్టుకోవాలి. మీరు ఇచ్చే ఇన్సూరెన్స్ కాగితం చదివితే, అది ఎంత ఎత్తు దాకా పనిచేస్తుందో, టిబెట్‌లో పనిచేస్తుందో లేదో కూడా ఉండదు. చాలా పాలసీలకు ఎత్తు పరిమితి ఉంటుంది.

8. పోయినవాళ్ళ సంగతి. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ రాయాలి. అక్కడ ఎవరైనా పోతే దేహాన్ని ఇంటికి తేవడం ఎంత కష్టమో మన విదేశాంగ శాఖకు తెలుసు. అందుకే ప్రభుత్వం నడిపే యాత్రలో, చైనా వైపు మరణిస్తే అక్కడే దహనం చేయడానికి ఒప్పుకుంటున్నట్టు ముందే సంతకం తీసుకుంటారు. కఠినంగా ఉన్నా అది నిజాయితీ. ఇంట్లోవాళ్ళు ఆ కాగితం చూసి ఆలోచించుకునే అవకాశం ఉంటుంది. ప్రైవేటు ప్యాకేజీల్లో ఆ మాట ఎత్తరు. ఆ తర్వాత ఏదైనా జరిగితే కొడుకులు, కూతుళ్ళు ఏ దేశపు ఆఫీసును అడగాలో తెలియక ఫోన్లు పట్టుకుని ఏడుస్తుంటారు.

"అక్కడ పోతే మోక్షమేనండీ, అదృష్టవంతులు" అన్న మాట గురించి ఇక్కడే చెప్పాలి. మా బస్సులోనే ఈ మాట విన్నాను, పెద్దమ్మ స్పృహ తప్పుతున్నప్పుడు. నాకూ శివుడంటే భక్తి ఉంది. రోజూ రుద్రం వినే ఇల్లు మాది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మన పెద్దలు అన్నది రోడ్లు, ఆసుపత్రులు లేని రోజుల్లో. తెలిసి, ఇష్టపడి, పిల్లలకు చెప్పుకుని వెళ్లేవాళ్ళ మాట వేరు. మీ దగ్గర టికెట్ కొన్నవాళ్ళు తిరిగి వస్తామనే కొన్నారు. వాళ్ళను కిందికి దించే ఏర్పాటు చేయకుండా మోక్షం మాట ఎత్తడం శివుడికి కూడా అపచారం.

దారులు తెగడం కొత్తేమీ కాదు. 1998 ఆగస్టులో ఉత్తరాఖండ్ మీదుగా వెళ్లే లిపులేఖ్ దారిలో మాల్పా దగ్గర కొండచరియ విరిగిపడి 200 మందికి పైగా పోయారు, వాళ్ళలో 60 మంది మానస సరోవర యాత్రికులు. 2018 జులైలో వాతావరణం బాగోక సిమికోట్, హిల్సా, టిబెట్ వైపు కలిపి దాదాపు 1,500 మంది మనవాళ్ళు చిక్కుకుపోయారు, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. అప్పుడు ఖాట్మండులోని మన రాయబార కార్యాలయం తెలుగుతో సహా దక్షిణాది భాషల్లో మాట్లాడే హాట్‌లైన్లు పెట్టింది. 2025 జులై 8న రసువాగఢీ దగ్గర వరదకు నేపాల్-చైనా స్నేహ వంతెన కొట్టుకుపోయింది. మేం నెల ముందు దాటిన వంతెన అది. అదే ఏడాది సెప్టెంబరులో నేపాల్‌లో ఆందోళనలు చెలరేగి విమానాశ్రయం మూతపడితే, చిక్కుకున్న ఆంధ్రప్రదేశ్ వాళ్ళను రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విమానంలో తీసుకొచ్చింది. తలుచుకుంటే చేయగలరని దీనితో తెలిసింది. ప్రతిసారీ జనం వీడియోలు పెట్టి మొరపెట్టుకున్నాకే కదలకుండా, ముందే ఒక ఏర్పాటు ఉండాలని మాత్రమే అడుగుతున్నాను.

ప్రభుత్వ యాత్రకు వెళ్లొచ్చుగా అని మీరు అనొచ్చు. 1981 నుంచి లిపులేఖ్ దారిలో, 2015 నుంచి సిక్కింలోని నాథూ లా దారిలో కూడా విదేశాంగ శాఖ యాత్ర నడుపుతోంది. 2020 నుంచి అయిదేళ్ళు ఆగి 2025లో మళ్ళీ మొదలైంది. ఆ ఏడాది 5,561 మంది దరఖాస్తు చేస్తే తీసుకున్నది 750 మందిని, అదీ లాటరీలో. మిగతావాళ్ళకు నేపాల్ దారే దిక్కు. కానీ ఆ ప్రభుత్వ యాత్ర పద్ధతి చూడండి. డెబ్భై దాటినవాళ్ళను తీసుకోరు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క (బీఎంఐ) 25 దాటితే తీసుకోరు. ఢిల్లీలో వైద్య పరీక్షలు చేశాక, పైకి వెళ్లే దారిలో సరిహద్దు కాపలా దళం ఐటీబీపీ వాళ్ళు మళ్ళీ పరీక్ష చేస్తారు. తట్టుకోలేరనుకుంటే ఎంత ఏడ్చినా వెనక్కి పంపేస్తారు. మొత్తం మూడు వారాల యాత్ర. అందులో సగం రోజుల్లో పూర్తి చేస్తామని మీరు గొప్పగా చెప్పుకుంటున్నారు. మీరు మిగిల్చామంటున్న ఆ రోజులు ప్రాణాలు నిలబెట్టే రోజులు.

ఇక ఈ 2026 టిబెటన్ల లెక్కలో గుర్రం సంవత్సరం. పన్నెండేళ్ళకొకసారి వస్తుంది, ఈ ఏడాది చేసే ఒక్క పరిక్రమ పదమూడింటితో సమానమని వాళ్ళ నమ్మకం. మన పుష్కరాల లాగే దీన్ని కూడా ప్రచారంలోకి తెచ్చి "మళ్ళీ పన్నెండేళ్ళ దాకా రాదు" అని అడ్వాన్సులు తీసుకుంటున్నారు. నంది పరిక్రమ పేరుతో లోపలి దారిని వీఐపీ ప్యాకేజీగా అమ్మేవాళ్ళూ ఉన్నారు. బయటి పరిక్రమ పదమూడుసార్లు చేసినవాళ్ళే లోపలికి వెళ్లాలన్నది అక్కడి ఆచారం. వాళ్ళ నమ్మకాన్ని వాడుకుని టికెట్లు అమ్ముతున్నప్పుడు వాళ్ళ ఆచారాన్నీ గౌరవించాలి.

యాత్రా నిర్వాహకులను నేను అడిగేవి:

ఒకటి. రాత్రులు పెంచండి. కేరుంగ్ నుంచి ఒక్క రోజులో సాగాకు తీసుకెళ్లి పడుకోబెట్టడం ఆపి, మధ్యలో మజిలీ వేయండి. సాగాలోనూ, సరోవరానికి ముందూ కనీసం ఒక్కో రాత్రి అదనంగా ఉంచండి. హెలికాప్టర్ దారిలో అయితే సిమికోట్‌లో, తక్లాకోట్‌లో రెండేసి రాత్రులకు తగ్గకుండా ఆపండి. అందుకయ్యే ఖర్చు ప్యాకేజీలో కలిపి చెప్పండి. పదివేలు ఎక్కువైనా కడతాం. తక్కువ రోజులని పోటీ పడటం మీరంతా కలిసి ఒకేసారి మానితే ఏ ఒక్కరికీ నష్టం రాదు.

రెండు. ప్రతి రాత్రి పడుకునే ఊరి పేరు పక్కన దాని ఎత్తు తెలుగులో రాసి, డబ్బు తీసుకునే ముందే చేతికివ్వండి.

మూడు. వైద్య పరీక్ష లేకుండా ఎవరినీ తీసుకెళ్లకండి. గుండె, ఊపిరితిత్తులు, బీపీ, షుగర్ చూసి డాక్టరు సంతకం పెట్టాలి. డయామాక్స్ సల్ఫా మందులు పడనివాళ్ళకు ఇవ్వకూడదన్న సంగతి మీ మేనేజర్లలో ఎంతమందికి తెలుసు? ప్రతి బృందంతో ఎత్తు జబ్బు తెలిసిన డాక్టరో, శిక్షణ ఉన్న నర్సో వెళ్లాలి. ఎవరిని ఆపాలో, ఎవరిని దించాలో ఆ మనిషి మాటే చివరి మాట కావాలి. మేనేజర్ మాట, గురువుగారి మాట కాదు.

నాలుగు. దించే ప్లాన్ కాగితం మీద ఉండాలి. ఏ మజిలీలో జబ్బు చేస్తే ఏ బండి, ఏ ఆసుపత్రి, వీసా విడదీయడానికి ఏ ఆఫీసు, ఖర్చు ఎవరిది, అన్నీ ఉండాలి. దిగే మనిషితో మన భాష వచ్చిన ఒకరు తోడు వెళ్లాలి. డార్చెన్‌లో ఆగినవాళ్ళ దగ్గర కూడా ఒకరు ఉండాలి.

ఐదు. జబ్బు చేసి ఆగిపోయినవాళ్ళకు, వాడని గుర్రం డబ్బుతో సహా ఎంత తిరిగి వస్తుందో ముందే చెప్పండి. పోతుందని చెప్పినా సరే, ముందే చెప్పండి.

ఆరు. ఖాట్మండులో, లాసాలో మీ తరఫున పనిచేసేవాళ్ళ పేర్లు రసీదు మీద రాయండి. మా చేతి నుంచి డబ్బు తీసుకున్నది మీరు. జవాబుదారీ కూడా మీదే.

రెండు రాష్ట్రాల అధికారులకు: అయ్యా, యాత్ర వేరే దేశంలో జరుగుతుంది నిజమే, కానీ డబ్బు వసూలు చేసేది విజయవాడలో, హైదరాబాద్‌లో, కాకినాడలో. ఈ యాత్రలు నడిపేవాళ్ళందరి వివరాలు నమోదు చేయించండి. పైన చెప్పిన కాగితాలు ఇవ్వనివాళ్ళకు నమోదు ఇవ్వకండి. సీజన్ మొదలయ్యే ముందు జిల్లా ఆసుపత్రుల్లో ఒక వారం యాత్రికుల వైద్య పరీక్షలు పెట్టండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఢిల్లీలోని ఆంధ్రప్రదేశ్ భవన్, తెలంగాణ భవన్‌లలో ఒక హెల్ప్ డెస్క్ నడపండి. 2018లో పెట్టిన తెలుగు హాట్‌లైన్ లాంటిది ఏటా సీజన్ అంతా ఉండేలా విదేశాంగ శాఖను అడగండి. ప్రభుత్వ యాత్రలో సీట్లు పెంచమని కూడా మన ఎంపీలు అడగాలి. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళలో ఏడెనిమిది మందికి ఒక్కరికే సీటు వస్తే మిగతావాళ్ళు ఇలాంటి ప్యాకేజీల పాలే అవుతారు.

యాత్రకు వెళ్లాలనుకుంటున్న అమ్మలకు, నాన్నలకు, వాళ్ళను పంపించే పిల్లలకు ఒక మాట. ఎత్తుల కాగితం, దించే ప్లాన్, ఇన్సూరెన్స్ పాలసీ చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ కట్టకండి. మీ బృందంలో ఎవరైనా మాట తడబడుతున్నా, సరిగ్గా నడవలేకపోతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో నురగ పడుతున్నా గ్యాస్ అంటే నమ్మకండి, దించమని గొడవ చేయండి. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఖాట్మండు వెళ్లక్కర్లేదు.

ఈ లేఖకు నిర్వాహకుల నుంచి జవాబు కోరుతున్నాను. రాత్రులు పెంచుతామన్నవాళ్ళు కొత్త మజిలీల పట్టిక బయటపెట్టండి. కుదరదన్నవాళ్ళు ఎందుకు కుదరదో అందరికీ చెప్పండి. ఈ సీజన్ బుకింగులు ముగిసేలోపు ఏ జవాబూ రాకపోతే, ఇదే లేఖను యాత్రికుల సంతకాలతో రెండు రాష్ట్రాల పర్యాటక మంత్రులకు, విదేశాంగ శాఖకు స్వయంగా తీసుకెళ్లి ఇస్తాం.

ఇట్లు,
కాకినాడ నుంచి ఒక యాత్రికురాలు